చుయ్యనని నిప్పు

ఇస్త్రీపెట్టె కాగిందా లేదా తెలియడానికి
నాకు గడియారం అక్కరలేదు.
వేలు నాలుకకు తడిపి అడుగున అంటిస్తే
చుయ్ అంటది.
ఆ చుయ్ పొడుగెంతో విని చెప్త
అది ఖాకీకి పనికొస్తదా, పట్టుకు పనికొస్తదా.
ముప్పై రెండేండ్ల సంది ఇదే నా చదువు
బల్లార్షా టేషను వెనక, బండి కాడ, నిలబడి.

నిలబడి.
ఆ మాట కాడ కొంచెం ఆగాలె.
కాగితం మిల్లు మూడు షిఫ్టుల బట్టలు,
బొగ్గుగని సాహెబుల తెల్లచొక్కాలు,
లగ్గాల కాలమొస్తే మోపులకు మోపులు ధోతులు,
అందరి ముడతలు తీసిన.
అవన్నీ ఎటు పోయినయనుకున్నరు?
నా పిక్కల్లకు దిగినయి.
నీలం తాళ్ల లెక్క ఉబ్బినయి నరాలు.
పైకెక్కాల్సిన నెత్తురు
మెట్లెక్కలేని ముసలోని లెక్క
చీలమండ కాడ కూలబడ్డది.

మొదలు దురద.
తర్వాత చర్మం మాడింది
ఎవరో కాగిన పెట్టె పెట్టి మరిచిపోయినట్టు.
ఒకనాడు బొగ్గుల డబ్బా అంచు గీరుకుంటే
గోరంత గాయం.
ఆ గోరంతది అరచెయ్యంత అయ్యి
నాలుగేండ్లు నాతోనే కాపురం చేసింది.
పసుపు తిన్నది, వేపాకు తిన్నది,
రాజురాలో ఒకాయన ఇచ్చిన పసరు తిన్నది,
కడుపు నిండలేదు దానికి.
వాసనకు గిరాకులు దగ్గరికి రాక
బట్టలు గోడ మీద పెట్టి పోయేటోళ్లు.
పోసుబాయి ఒక్కతే
పాతచీర పేలికలు సలసల కాగే నీళ్లల్ల ఉడకబెట్టి
ఏమీ మాట్లాడకుండ కట్టేది.
ఆ పేలికలకు సుత ఇస్త్రీ చేసిన నేను.
అలవాటు.

చంద్రపూర్ దవాఖానల మేశ్రాం సిస్టర్
నా కండ్లకు నల్లద్దాలు పెట్టి
"హీరో దిసతాయ్ మామా" అని నవ్వింది.
దీపం కాలు దగ్గరికి జరిపింది.
ఎరుపు. నా బొగ్గుల ఎరుపే, అచ్చం.
చెయ్యి ఊకుంటదా?
వేలు తడుపుకొని చాపిన.
చుయ్ అనలేదు.
కాలని నిప్పును అదే మొదలు చూసుడు.

"దుఖతయ్ కా?" అన్నది.
మరాఠీ తెలిసిన చెవికి తెలుసు,
నొస్తున్నదా అని అడుగుతున్నదని.
మా అమ్మ ఇచ్చిన చెవి ఇంకోటున్నది,
దానికి దుఃఖమని వినబడ్డది.
నాలుగేండ్లల్ల ఆ మాట
ఎవరూ అడగలేదు.
నల్లద్దాలున్నయి, బతికిపోయిన.

డాక్టరు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పిండు:
వెలుగు తోడొస్తదేమో చూద్దాం,
అసలు బరువు మోసేది కట్టే.
వేళ్ల కాడి నుంచి మోకాలి దాకా
సాగే పట్టీ, బిగువు తప్పకుండ.
సిస్టర్ రెండుసార్లు చుట్టి చూపింది.
మూడోసారి నేను చుట్టిన.
ఒక్క ముడత లేదు.
ఆమె పక్క మంచాలోళ్లను పిలిచి
"బఘా, బఘా" అని చూపించింది.
అప్పటి సంది మంగళవారం మంగళవారం
నా దీపం వంతు వచ్చేదాక
ఇద్దరు ముగ్గురి కాళ్లకు నేనే చుడుత.

వారానికోసారి పుండు మీద
అద్దమసొంటి కవరు పరిచి అంచు గీస్తరు.
మొదటి గీత అచ్చం ఇస్త్రీపెట్టె అడుగు,
ముందు మొన, వెనక వెడల్పు.
ఏడోవారానికి చింతాకు రెమ్మ.
మధ్యల ఒకసారి మళ్ల పెరిగింది,
గణపతి పండుగ గిరాకీకి
పదిరోజులు నిలబడ్డందుకు.
సిస్టర్ తిట్టింది. ఎత్తు స్టూలు కొన్న.
ఇప్పుడు చింతగింజంత ఉన్నది.
దీపం మాన్పిందో, పట్టీ మాన్పిందో,
కూసునుడే మాన్పిందో,
నన్నడగొద్దు.

నిన్న రాత్రి కందిలి పక్కన
పోసుబాయి చేతులు చూసిన.
నాలుగేండ్ల ఉడుకునీళ్లకు
వేళ్ల కొసలు తెల్లగ పొట్టు లేచి ఉన్నయి.
ముట్టుకొని అడిగిన,
"దుఖతయ్ కా?"
"ఏం మరాఠీనయ్యా ఇది, అర్ధరాత్రి" అని
చెయ్యి గుంజుకోకుండనే
"కాలు మీదికి పెట్టు" అన్నది.