ఒకటి పాయింటు నాలుగు

బొమ్మ పుర్రె ఇంకా చెన్నై దాటలేదు.
అమలాపురంలో థియేటర్ ఖాళీ దొరికింది
ఇవాళొక్కరోజే.
వార్డు బాయ్ వీర్రాఘవులు వలిచిన కొబ్బరికాయ తెచ్చాడు.
పెంకులోకి ఏడు స్క్రూలు బిగించి, స్కాన్ తీసి
కెమెరా రెండు కళ్ళూ దానివైపు తిప్పాను.

మొన పెట్టడం, పెడల్ తొక్కడం, అంకె రాయడం.
సున్నా పాయింటు తొమ్మిది. ఒకటి పాయింటు ఒకటి.
అయిదో స్క్రూ దగ్గర ఒకటి పాయింటు నాలుగు.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.
తెర మీద మాత్రం పచ్చదీపం,
అంతా బాగుందన్నట్టు.

సిస్టర్ సలోమి రెండు జతల గ్లోవ్స్ తొడుక్కుని వచ్చింది.
"బొత్తం ఒకటి నొక్కితే రెండు పడతన్నాయండి.
నేను కత్తెర అందించడానికి వంగితే
మీ కెమెరాకి చూపు పోతంది.
నన్ను వంగొద్దంటారా?"
ఫారంలో ఒకటి నుంచి అయిదు దాకా గడులున్నాయి.
ఈ ప్రశ్నకి గడి లేదు.

మా నాన్న కోటిపల్లి రేవులో పంటు సరంగు.
వరద తీసిన మర్నాడు
నిన్నటి దారిని నమ్మేవాడు కాదు.
గడ దింపి, ఇసక తగిలితే
మాట్లాడకుండా చుక్కాని మళ్ళించేవాడు.
పుర్రె తెరిచాక మెదడూ అంతే,
నీరు దిగి కాస్త కుంగుతుంది.
పటం మాత్రం పొద్దుటి పటమే.

కొబ్బరికాయ కుంగదు.
నివేదికలో మొదటి వాక్యం అదే రాశాను.
రెండోది సలోమిది, ఆమె మాటల్లోనే.

సాయంత్రం స్క్రూలు విప్పుతుంటే
అయిదో బెజ్జంలోంచి నీళ్ళు కారాయి.
వీర్రాఘవులు గ్లాసు పట్టాడు,
ఎటో చూస్తూ,
సరిగ్గా ధార కిందే.