ఎడమ చెయ్యి

కొరూన్యా ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసింది.
రేపు తొమ్మిదింటికి.
నీళ్ళు బాగా తాగి రమ్మంది, కడుపు నింపుకుని రమ్మంది,
దగ్గుగానీ జ్వరంగానీ ఉంటే ముందే చెప్పమంది,
మోచేతి పైకి జరిగే వదులు చేతుల చొక్కా వేసుకోమంది.
మూడు గంటలు పడుతుంది,
చదువుకోవడానికి ఏదైనా తెచ్చుకోండి అంది.
చదువుకోవడానికి!
నేను వలలు బాగుచేసేదాన్నమ్మా అన్నాను.
అయితే పాటలు వినండి అంది.

మాల్పికా రేవులో యాభై ఒక్క ఏళ్ళు
తెగిన కన్నుకి కన్ను అతికాను.
సార్డీను పడవ ఏ రాయికి ఒరుసుకుందో
చిరుగు చూసి చెప్పగలను,
ఆ పడవవాడు ఒప్పుకోకపోయినా.
సబేలా చేతికి ఎముక లేదని పేరు,
అప్పు అడిగితే కాదనదని.
ఉందయ్యా ఎముక.
డాక్టరు తెరమీద వెలిగించి చూపించాడు,
చేతికి ఇరవై ఏడు.
పొద్దున్న లేచేసరికి ఒక్కొక్కటీ
తన పేరు తను చెప్పుకుంటోంది.

మందు పేరుకి నాకు నోరు తిరగదు.
ఊషియా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది,
దాని కింద నేను మింగే మాత్రలన్నీ,
వాటి కింద, నేను చెప్పకపోయినా,
రాత్రిపూట ఒక గ్లాసు బ్రాందీ అని.
నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల అది.
ముడి ఇంకా వదులుగానే వేస్తుంది,
మాట మాత్రం బిగువు.
రేపు కారు తనదే.

అసలు తకరారు ఏ చెయ్యి ఇవ్వాలన్నది.
కుడిచేతి నరాలు తాళ్ళలా తేలి ఉంటాయి,
రక్తం తీసిన కుర్రాడు మెచ్చుకున్నాడు కూడా.
కానీ అది సూది పట్టే చెయ్యి,
దానికే సూది గుచ్చితే ఊరుకుంటుందా?
ఎడమది ఇస్తాను.
ఎడమది ఎప్పుడూ
పట్టుకోమంటే పట్టుకుంది, లాగమంటే లాగింది,
పేరు అడగలేదు.
ముందు వాచిందీ అదే.
ఉంగరం వదల్లేదు. సబ్బు రాశాను, ఆలివ్ నూనె రాశాను,
చేపని తోమినట్టు తోమాను.
ఎలాడియో పోయి తొమ్మిదేళ్ళు, ఇప్పటికీ అదే మొండితనం.
సరే, ఉండు. నువ్వూ వచ్చి చూద్దువుగాని.

సాయంత్రం అభ్యాసం చేశాను.
కుర్చీలో కూచుని, చెయ్యి ఆన్చి,
కదలకుండా, గడియారం వంక చూస్తూ.
పదకొండు నిమిషాలు.
పన్నెండో నిమిషానికి కుడిచెయ్యి తనంతట తనే
మేజా గుడ్డ అంచు అందుకుని
ఊడిన దారం కోసం వెతుకుతోంది.

ఊషియా తల్లి వచ్చి చెప్పింది:
వాళ్ళ వదినకి ఇదే మందట,
మూడో విడతకి పిడికిలి బిగిసిందట,
మొదటి విడతకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయట.
రెండూ ఒకే గుక్కలో,
ఉప్పూ పంచదారా ఒకే డబ్బాలో పోసినట్టు.
నా చెంచాకి ఏది తగులుతుందో.

నీళ్ళు. ఎనిమిదో గ్లాసు.
సముద్రం వారన పుట్టి
నా జన్మలో ఇంత మంచినీళ్ళు తాగలేదు.
రెండింటికి లేచాను, మూడున్నరకి లేచాను,
నాలుగింటికి ఇక పక్క ఎక్కలేదు.
కిటికీలోంచి, వానలో, పడవల దీపాలు
ఒక్కొక్కటే గోడ దాటి పోతున్నాయి.
ఆ వలల్లో సగం నా ముళ్ళే.
ఇవాళ ఏ ముడి జారినా రేవులో నేను ఉండను.

వదులు చేతుల చొక్కా నాకు లేదు.
మా పనికి వదులు చెయ్యి ప్రమాదం, తాడుకి చిక్కుతుంది.
నీలం ఉన్ని చొక్కా తీసి, ఎడమ చెయ్యి తిరగేసి,
దీపం దగ్గరికి జరిగాను.
మణికట్టు నుంచి మోచేతిదాకా
కుట్టు తర్వాత కుట్టు విప్పాను.
ఇదీ ఒక విద్యే, తొందరపడితే గుడ్డ చిరుగుతుంది.
మధ్యలో రెండుసార్లు ఆగి
వేళ్ళు చంకలో పెట్టి కాచుకున్నాను.

ఊడిన దారం పారెయ్యబుద్ధి కాలేదు.
అట్టముక్కకి చుట్టి సంచీలో వేశాను,
మందు పేరున్న కాగితం పక్కన.
బయట ఊషియా హారన్ కొడుతోంది.
ఇంకా ఏడు కూడా కాలేదు.