తుడవకే

పలాసలో మా షెడ్డు గోడలకి కూడా
వేగిన పిక్కల కమురు.
కటింగు బల్లల దగ్గర పదహారుగురం,
వేళ్ళకి బూడిద, బూడిద మీద జీడి.
ఎంత రుద్దినా పోదు.
ఈ చేతుల్లో అన్నం ముద్ద
మరీ తెల్లగా కనిపిస్తుంది.

అమ్మ పోయిన పద్నాలుగో రోజు పనిలోకొచ్చాను.
అప్పటిదాకా ఏడవలేదు.
బియ్యం లెక్క, వంటవాడి లెక్క, మంగలి లెక్క,
తమ్ముణ్ణి పట్టుకుని కూర్చోవడం.
నా వంతు రాలేదు.
"పెద్దదానివి, నువ్వే అలాగైతే ఎలా" అన్నారు.
అలాగ కాలేదు.

ఆ మధ్యాహ్నం అసిరప్ప
మేస్త్రీ తుమ్మే తీరు చేసి చూపించింది:
రెండడుగులు వెనక్కేసి, కళ్ళు మూసి,
రేకుల కప్పు వైపు నోరు తెరిచి,
తీరా తుమ్ము రాక
"ఏటలా సూత్తన్నారు, పిక్కలు కొట్టండి!"

నవ్వాను.
నవ్వు పళ్ళు దాటింది, పొట్ట పట్టుకుంది,
బల్ల మీది పిక్కలు కిందికి దొర్లాయి.
ఎక్కడ మలుపు తిరిగిందో తెలియదు,
అదే గొంతు, అదే ఎగఊపిరి,
"అమ్మా" అని వినపడింది.
నాదే.

చెయ్యి కళ్ళదాకా లేచింది.
అసిరప్ప మోచేత్తో కొట్టింది దాన్ని.
"ఒలే, తుడవకే గుంటా!
జీడి కంట్లో పడితే వారం దినాలు మండతాది.
కారనీ."

కారనిచ్చాను.
ముక్కు, గెడ్డం, జాకెట్టు మెడ,
దారి వాటికే తెలుసు.
పక్కబల్ల దాలమ్మ ఎందుకో తనూ మొదలెట్టింది.
ఎవరు పోయారో అడగలేదు.
అంతలో నిజంగానే మేస్త్రీ తుమ్మాడు.
మళ్ళీ నవ్వు, అందరం, ముక్కులు కారుతూనే.

సాయంత్రం తూకంలో
కిలోన్నర తక్కువొచ్చింది నాకు.
చీటీ మీద వేలిముద్ర
ఇంకు లేకుండానే పడింది.