ఒక్క ల

మృగశిర వెళ్ళిన వారం
నా లాప్‌టాప్‌లో ల పోయింది.
ఒకే మీట మీద కాపురం కాబట్టి
దాని వెనకే ళ కూడా.

మొదట పట్టించుకోలేదు.
యాభై ఆరు అక్షరాల్లో రెండు.
ఆ రాత్రి శుభలేఖ కొడుతుంటే తెలిసింది:
పెళ్ళి పోయింది, తలంబ్రాలు పోయాయి,
బంధుమిత్రులంతా కలిసి ఒక్క బంధుమిత్రుడై
ఒంటరిగా భోజనానికి వస్తున్నాడు.
రూపాయి ఉంటుంది, రూపాయలుండవు.
వెయ్యి ఉంటుంది, వేలుండవు.
(అది నాకు కొత్త కాదనుకోండి.)

పారడైజ్‌లో మెట్రో దిగి సీటీసీ మెట్లెక్కాను.
మూత తెరవగానే జుబేర్ మొహం చిట్లించాడు.
కీలుకి రబ్బరు బ్యాండు, ఇరవై నిమిషాల బ్యాటరీ,
బయటి కీబోర్డు తగిలిద్దామంటే
ఆ సందులు రెండూ పోయిన ఎండాకాలమే చచ్చాయి.

"పార్టు దొర్కది మేడమ్, ఈ మోడల్ బందైంది.
కొత్తది తీస్కోండి. కానీ ఇప్పుడు నక్కో.
దసరాకి కొత్త చిప్పొస్తది,
పాతవాటి రేటు ధడేల్మని పడ్తది.
జర సబర్ చేయండి."

పోయినేడు కూడా నాతో సబర్ చేయించింది ఇతనే.
అప్పుడు నలభై ఒకటి, ఇప్పుడు నలభై తొమ్మిది.
అదే అడిగితే నవ్వాడు:
"అప్పుడే కొనాల్సుండె మేడమ్."

చిట్టీదీ అదే మాట.
ఈ నెల పాడితే పదకొండు వేలు కోత,
ఆఖరిదాకా ఆగినవాళ్ళకే నిండు సొమ్ము.
"ఆగు పిల్లా, ఆగినోళ్ళదే లాభం"
అంటుంది వారాసిగూడ శశిరేఖక్క.
ఆమె కొన్న మిక్సీ ఆరేళ్ళుగా
అట్టపెట్టెలోనే ఉంది,
ఉన్నది పాడైపోనీ అని.

బల్ల మీద జ్ఞానరత్నంగారి రాతప్రతి.
రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై మూడేళ్ళ ఫిట్టరు,
మూడొందల పేజీల జ్ఞాపకం,
పేజీ పేజీకీ లాలాగూడ.
నా తెర మీద అది ఉత్త గూడ.
దాని ముందు రెండు దీర్ఘాలు
మోసే అక్షరం లేక
చుక్కల సున్నాలకి వేలాడుతూ.

ఇప్పుడేం చేస్తానంటే,
పాత ఫైల్లోంచి ఒక్క ల కాపీ చేసి ఉంచుకుని
కావలసిన చోటల్లా అతికిస్తాను,
పక్కింటినుంచి చెంచాడు పంచదార తెచ్చినట్టు
రోజుకి వెయ్యిసార్లు.
చేతిలో ఒక్కటే పడుతుంది కదా,
ల తెస్తే ళ రాదు.

అలా కనిపెట్టాను ఓ అర్ధరాత్రి,
నూట పద్నాలుగో పేజీలో:
ఈ మిషను మీద
రేపు అని కొట్టొచ్చు. నిన్న అనీ కొట్టొచ్చు.
ఆగు, చూద్దాం, వద్దు, చకచకా పడతాయి.
ఇవాళ పడదు.
కావాలి పడదు.
లేదు అనడానికి కూడా
ఒక అక్షరం అప్పు తేవాలి.

ఈరోజు అనొచ్చుగా అంటారు.
జ్ఞానరత్నంగారు ఒప్పుకోరు.
"అది పేపరోళ్ళ మాటమ్మా,
మా అమ్మ ఇవాళ అనేది."

నిన్న ఆయనే ఫోన్ చేశారు.
తొందరేం లేదన్నారు.
తొందరేం లేదని మూడుసార్లన్నారు,
రెండోదానికీ మూడోదానికీ మధ్య
ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది.

శశిరేఖక్కకి కబురు కొట్టాను:
"అక్కా, ఈసారి పాట నాది."
కొట్టాక చూసుకున్నాను,
ఒక్క అక్షరమూ అప్పు తేలేదు.

జవాబు వెంటనే వచ్చింది.
"పదకొండు వేలే పిల్లా! దసరాదాకా ఆగరాదా?"

లేదు అనాలి.
కాపీ చేసిన ల ఏ ఫైల్లో ఉందో వెతుకుతున్నాను.
బ్యాటరీ
ఇంకో నాలుగు నిమిషాలు.