రెండు దారాలు

మా అసిరి గ్లాసు పక్కన నీళ్ళు పోసేవాడు.
గ్లాసులో కాదు, బెత్తెడు ఇవతల.
గచ్చు తడిసేది. అమ్మ వీపు మీద ఒకటి వేసేది.
ఎండలోకొస్తే ఎడమ కన్ను మూసేవాడు
ఎవరికో సైగ చేస్తున్నట్టు.
సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఆ కన్ను
పలుపు విప్పిన దూడలా
చెవి వైపు నడిచిపోయేది. పిలిస్తే వచ్చేది.

"మెల్లకన్ను గుంటడు, అదురుష్టం" అంది మామ్మ పారమ్మ.
"ఇంటికి కలిసొస్తాది, ఒగ్గీండి."
ఏడేళ్ళు ఒగ్గేశాం.

ద్విత్వాక్షరాల పాఠం రోజు
'అమ్మ' రాయమంటే
మ కింద ఉండాల్సిన ఒత్తు పక్క గడిలోకి జారిపోయింది.
మాస్టారు కొట్టలేదు. చూపుడువేలు పెట్టి అడిగారు:
"ఎన్నిరా ఇవి?"
"రెండు మాస్టారూ. అందరికీ రెండే కదా?"

పొందూరు నుంచి చిలకపాలెం ఆటో,
అక్కణ్ణించి శ్రీకాకుళం బస్సు.
కంటాసుపత్రిలో హైమావతి మేడం
నల్ల గరిటెలాంటి దాంతో ఒక కన్ను మూసి, తీసి,
రెండోది మూసి, తీసి.
గరిటె తీసిన ప్రతిసారీ ఎడమది
ప్రార్థనకి ఆలస్యమైన పిల్లాడిలా
పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడేది.

"గుడ్డులో లోపం లేదమ్మా, జత కుదరలేదు.
రెండూ చెరో బొమ్మ పంపుతున్నాయి.
ఆ తగువు పడలేక బుర్ర
ఒకదాన్ని నోర్మూసుకోమంటుంది.
అలా మూయించగా మూయించగా
అది చూడటమే మానేస్తుంది."
కళ్ళజోడు. కుడి కంటి మీద రోజూ రెండు గంటలు బిళ్ళ.
ఆ తర్వాత దారం పని.
ఆపరేషన్ మాట అప్పుడు చూద్దాం అన్నారు.

బిళ్ళ కాపలా నాది. నాకు పద్నాలుగేళ్ళు.
పీకి గోడకి అంటించేవాడు.
ఆ వేసవంతా మా గోడకి ఎన్ని కళ్ళో!

మేడం ఇచ్చిన తాడు వారానికే పోయింది.
నూలుకి కరువా మా ఇంట?
మామ్మ నాలుగు పోగులు కలిపి పేనింది.
మూడు పూసలు గుచ్చి
ఒక కొస కిటికీ ఊచకి, రెండోది వాడి ముక్కుకి.
"నడిమి పూస చూడు. ఎన్ని దారాలు?"
"ఒకటి."
ఒకటంటే ఒక కన్ను నిద్రపోయినట్టు.
రెండు కనపడాలి, పూస దగ్గర కత్తెరలా దాటాలి.

మామ్మకిది మింగుడు పడలేదు.
అరవయ్యేళ్ళు వాలుగ చేప దవడతో పత్తి దువ్వి
నూరో నంబరు నూలు తీసిన మనిషి.
"ఉన్నదొక దారం. రెండు సూసినోడు గెలిసినట్టేటే?"

ఆషాఢంలో, కరెంటు లేని ఒక మధ్యాహ్నం
వాడు కేక పెట్టాడు:
"కత్తెర! అక్కా, కత్తెర!"
అమ్మ వంగి చూసింది. రెండు.
నేను చూశాను. రెండు.
మామ్మ రాట్నం ఆపి వచ్చి
చెంగుతో ముక్కు తుడుచుకుని
దారం ఆనించుకుంది.
చాలాసేపు.

"నాకొకటే అవుపిస్తంది."

"పూసకేసి చూడు మామ్మా."
"పూసకేసే సూస్తన్నాను. ఒకటే."

మామ్మ ఎప్పుడూ తల ఎడమకి వాల్చి వడికేది.
పారమ్మ వాటం అనేది వీధంతా.
కొత్త కోడళ్ళు అలాగే మెడ వంచి నేర్చుకునేవారు.
ఎవరం ఏమీ అనలేదు.
దారం నా చేతిలో పెట్టేసి
రాట్నం దగ్గరికెళ్ళి
తెగిన పోగు అతికింది, తడుముకోకుండా.

అసిరి ఇప్పుడు నీళ్ళు గ్లాసులోనే పోస్తాడు, చాలావరకు.
జ్వరమొస్తేనో నిద్రొస్తేనో
ఆ కన్ను పాత దారి పడుతుంది.
"అసిరీ, రెండు" అంటాను.
రెప్ప కొట్టి లాక్కొస్తాడు.

నిన్న రాత్రి అలా అన్నానో లేదో
చీకట్లో నులక మంచం కిర్రుమంది.
"మేడమ్ముని అడిగినావేటే,
డెబ్బయ్యేళ్ళ కంటికి బిళ్ళేస్తారేటని?"

అడగలేదు.
సోమవారం వాడి చెకప్పు.
పొద్దున చూస్తే దండెం మీద
మామ్మ బయటికి కట్టే చీర,
ఉతికి, ఆరేసి ఉంది.