రెండున్నర అడుగుల మన్ను

బాగలూరు దాటాక, తారు ఆగిపోయే చోట
ముప్పై నలభై సైటు మాది.
కాగితాల్లో పొడవుంది, వెడల్పుంది,
నాలుగు హద్దులూ ఉన్నాయి.
లోతు ఎంతో రాసిలేదు.
మేమూ అడగలేదు.

మునిలచ్చి గడ్డపార దించిన రోజు
పొద్దెక్కకముందే ఖంగుమంది.
ఇంకోచోట పొడిచింది. ఖంగు.
మూలకెళ్ళి పొడిచింది. అక్కడా అంతే.
"రెండున్నరడుగులే మన్ను తల్లీ.
ఆ పైన దిబ్బమీద కనిపిస్తాందే,
అది దీని మోకాలు.
మీరు కట్టేది కడుపుమీద."

ఇల్లంటే నాకు అప్పటిదాకా
వంటింటి కిటికీ ఎటు తెరవాలన్న గొడవ.
జయసింహ గీసిచ్చిన ప్లానులో
ఒక మూల అడ్డగీతల చిన్న గడి ఉండేది,
దానివంక ఎవరం సరిగా చూడలేదు.
ఇప్పుడు హాలూ, పడగ్గదీ, మా అప్పూ
ఆ గడి చుట్టూ తిరుగుతున్నాయి.
వాయవ్యమే ఉండాలన్నాడు వాస్తు ఆయన.
బండకి వాయవ్యం తెలీదు.

మందు పెట్టి పేల్చేద్దామన్నారొకరు.
దిగువన ఖమరున్నీసా వాళ్ళ గోడ,
గోడవతల నెలల పిల్ల.
బెజ్జాలు వేసి పొడి కలిపి పోస్తే
రాత్రికి దానంతటదే విచ్చుకుంటుందన్నారింకొకరు.
లెక్క కట్టాం.
ఆ డబ్బుతో పైకప్పు పడిపోతుంది.

గుంటలో నీళ్ళు పోసి, పుల్ల గుచ్చి,
ఎంతసేపటికి ఇంకుతాయో రాయమన్నాడు జయసింహ.
పది నిమిషాలు. అరగంట. భోజనాల వేళ.
పుల్ల మీద గీత తడిగానే ఉంది.
తెల్లారి వెళ్ళి చూస్తే
గోరింక ఒకటి అందులో తాపీగా
తలంటుకుంటోంది.

"అడుగున పగులుంది కదా,
గొట్టం అందులోకి వదిలేద్దాం.
ఎక్కడికో పోతుంది" అన్నాడు మా ఆయన.
నేనూ ఊ అన్నాను. అన్నానని ఒప్పుకోవాలి.
అలిసిపోయి ఉన్నాను.

మునిలచ్చి వక్కాకు పక్కకి ఉమ్మి
పల్లానికి చెయ్యి చూపింది.
ఖమరున్నీసా వాళ్ళ బోరు.
"మా నాయన క్వారీలో పోయినాడు.
బండ సంగతి నాకు చెప్పద్దు సామీ.
ఈడ పోసింది ఆడ పలుకుతాది."

డెబ్బై అడుగులు. టేపు పట్టి కొలిచాం.
మా పునాది తడిసింది ఆ బోరు నీళ్ళతోనే.
రోజూ నాలుగింటికి గోడమీంచి
స్టీలు లోటాలో టీ అందించేది ఆమె,
అల్లం కాస్త ఎక్కువ వేసి.
ఆ టీ ఏ నీళ్ళతో పెడుతుందో
అప్పటిదాకా తట్టలేదు నాకు.

ఇక కిందికి దారి లేదు, పైకే.
తొట్టి సగం నేల బయట నిలబడింది.
దాన్నుంచి నీళ్ళు తోడే చిన్న మోటారు.
ముందు వాకిట్లో, ముగ్గు పడాల్సిన చోట,
రెండు లారీల ఇసుక, లారీ కంకర,
చిల్లుల గొట్టాలు, మీద అరువు మట్టి,
నడుమెత్తు దిబ్బ.
దిబ్బ నిండా మెట్టతామర.
గృహప్రవేశానికొచ్చిన మా ఆడపడుచు
"పూలు బావున్నాయే" అని వంగి,
సంగతి చెప్పగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
వాసనేం లేదు. మాటకే వచ్చింది వాసన.

రాత్రి ఒంటిగంటకి మోటారు గుర్రుమంటుంది.
మొదట్లో ఉలిక్కిపడేదాన్ని.
ఇప్పుడు ఆగిపోతే లేస్తాను.

వానలు తగ్గాక మునిలచ్చి వచ్చింది,
ఒక దుంప కావాలంది, ఎర్రపూలది.
తవ్వి ఇస్తూ అడిగాను,
ఇన్ని నెలల్లో ఒక్కసారీ అడగనిది:
"మీ ఇంటి గుంత ఎంత లోతు లచ్చీ?"

నవ్వింది.
"ఊరందరి గుంతలూ నావే కదా" అని
దుంపని కొంగున కట్టుకుని
గడ్డపార భుజానేసుకుని
దిబ్బ వైపు నడిచింది,
బండ మోకాలి మీద వాళ్ళ రేకుల షెడ్లు,
చుట్టూ తుమ్మ పొదలు,
ఇంకా చీకటి పడలేదు.