రవంత నిదానం

పాత డబ్బా పోయిన మంగళవారం పొగ వదిలింది.
పదిహేడేళ్లుగా ఈ డోము కింద
రోజుకి నాలుగు రాత్రులు చేసిన డబ్బా.
బయట అలిపిరి రోడ్డు తారు కరుగుతుంటే
లోపల కార్తీక మాసాన్ని తిప్పిన డబ్బా.

కొత్తది నా టిఫిన్ క్యారియర్ కంటే చిన్నది.
దానిలోకి మా ఆకాశాన్ని ఎక్కిస్తే
ఈ ప్రాసెసర్ మీద ఈ ప్రోగ్రామ్ నడవదు అంది,
ఒక్క ముక్క.

కొత్త ఆకాశం కొనుక్కోండి మేడమ్, అన్నాడు
చెన్నై నుంచి వచ్చినతను.
కోటి నక్షత్రాలు ఎక్కువంట.
ఉంటాయి.
పిల్లలకోడి ఉండదు, గొల్లకావడి ఉండదు.
మొగిలప్ప సారు రిటైరయ్యేలోపు
ఒక్కో చుక్క పక్కన ఒక్కో పేరు
రెండు వేళ్లతో కొట్టి పెట్టిపోయాడు.
ఒకదానికి మాత్రం పేరు లేదు,
"పలమనేరు అవ్వ చూపించింది" అని ఉంది.

అందుకని మధ్యలో ఒక దుబాసీని పెట్టాను.
పాత ప్రోగ్రామ్ చెప్పేది విని
కొత్త చిప్పుకి దాని భాషలో చెప్పే ఇంకో ప్రోగ్రామ్.
నగరి సంతలో మా అమ్మ ఇట్లాగే
అరవం బేరాన్ని తెలుగు చేసేది,
మధ్యలో ఒక రూపాయి తనే మింగేసి.

ఆకాశం తెరుచుకుంది.
తెరుచుకుని, గిర్రున తిరిగి
పదకొండు సెకన్లలో తెల్లారిపోయింది.

నారాయణవనం స్కూలు పిల్లలు
ఎత్తిన మెడలు దించలేదు.
"మేడమ్, రాత్రి బిన్నే అయిపాయ గదా!"

అప్పుడు తెలిసింది.
దీన్ని రాసినవాళ్లెవరో గాని
కాలాన్ని గడియారంతో కొలవలేదు,
ఆ పాత డబ్బా ఆయాసంతో కొలిచారు.
చుక్కకీ చుక్కకీ మధ్య
అది లక్ష దాకా ఊరికే లెక్కపెట్టేది.
కొత్తదానికి లక్ష అంటే రెప్పపాటు కూడా కాదు.

లక్షని కోటీ పదిలక్షలు చేశాను.
కొండ మీద కంపార్ట్‌మెంటులో కూర్చోబెట్టినట్టు
కూర్చోబెట్టాను దాన్ని.
పని లేదు. కదలొద్దు. పిలుస్తారు.
ఇంత వేగాన్ని డబ్బు పెట్టి తెచ్చి
ఊరికే ఉండడం నేర్పిస్తున్నాను.

సాయంత్రం ఆఖరి ఆటలో
గొల్లకావడి తూర్పున రవంత తడబడి లేచింది.
ఒక్క నిమిషం ముందే తెల్లారింది.
రేపు చూడాలి.

తాళం వేసి సారుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.
అవ్వ పేరేంది సార్,
అని మెసేజ్ పెట్టాను.